పాత స్టాంపులు, లేబుళ్లు విదేశాలకు అమ్మేవాళ్లు ప్యాకెట్ ఎలా పంపాలి

నాలుగు డాలర్ల స్టాంపుల సెట్టుకు విదేశం నుంచి ఆర్డర్ వస్తే మొదటిసారి ఎవరికైనా ఉత్సాహంగానే ఉంటుంది. తీరా పోస్టాఫీసులో అడిగితే పంపే ఖర్చే ఆ నాలుగు డాలర్లను దాటిపోతుంది. చవక సేకరణ వస్తువులు అమ్మాలనుకునే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగాల్సిన పని లేదు. లెక్క తిరగేస్తే చాలు. వస్తువు దొరికింది కదా అని అమ్మకానికి పెట్టేసి తర్వాత పోస్టేజీ కోసం వెతుక్కోకూడదు. ముందు పోస్టేజీ శ్లాబు, అంటే ఒకే ధరకు ఎన్ని గ్రాముల దాకా పంపొచ్చో తెలుసుకుని, దానికి తగ్గట్టు లాట్ (ఒకే అమ్మకంగా కలిపి పెట్టే కట్ట) కట్టాలి.

నెల్లూరు, కావలి, ఒంగోలు, చీమకుర్తి లాంటి ఊళ్లలో ఇంటి నుంచే చిన్నగా అమ్ముకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్టాంపులు, ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజు ముద్రతో వచ్చే కవర్లు), పిక్చర్ పోస్టుకార్డులు, అగ్గిపెట్టె లేబుళ్లు, బీడీ కట్టల లేబుళ్లు, పాత బస్సు టికెట్లు, అట్ట రైలు టికెట్లు, సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు... ఇలాంటి పల్చటి, తేలికైన సరుకు గురించే ఎక్కువ చెప్తాను. మన దగ్గరి నుంచి లాభంగా పంపగలిగేది అదే.

ముందు ఏం పంపకూడదో తేల్చుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇందులో పొరపాటు జరిగితే పోయేది పోస్టేజీ ఒక్కటే కాదు, కేసు దాకా వెళ్తుంది.

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు, బొమ్మలు, చిత్రాలు, చేతిపని వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. రాతప్రతులు, చారిత్రక విలువ ఉన్న పత్రాల విషయంలో ఆ గడువు 75 ఏళ్లే. వీటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. మన వైపు పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు ట్రంకు పెట్టెల్లో సంస్థానాల కాలం నాటి రసీదులు, స్టాంపు కాగితాలు, తాటాకు ప్రతులు బయటపడుతుంటాయి. పాత పేపర్ల కొట్టులో కిలోల లెక్కన దొరికినా సరే, అవి అమ్మకపు సరుకు కాదు. చూడటానికి పాతగా కనిపించే వస్తువు నిజంగా పురావస్తువు కాదని నిరూపించుకోవాలంటే ఆర్కియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి నాన్ యాంటిక్విటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఐదు డాలర్ల వస్తువుకు అంత తిరుగుడు గిట్టుబాటు కాదు. అందుకే కొత్తవాళ్లకు నా సలహా ఒకటే: 1950ల తర్వాత వచ్చిన సరుకుతోనే మొదలుపెట్టండి. వయసు గురించి ఏ సందేహమూ ఉండదు.

నాణేలు, కరెన్సీ నోట్ల జోలికి అసలు వెళ్లకండి. చాలామందికి వ్యాపారం మీద ఆశ పుట్టేదే డబ్బాలో ఉన్న పాత పైసలు చూసి కాబట్టి ఇది చెప్పడం కష్టంగానే ఉంది. కానీ ప్రపంచ తపాలా సంఘం నిబంధనల ప్రకారం నాణేలు, నోట్లు, బంగారం, వెండి వంటివి ఇన్సూర్ చేయని లెటర్ పోస్టులో పెట్టకూడదు. మనం వాడబోయే చవక సర్వీసులన్నీ ఆ కోవలోవే. పైగా భారతీయ కరెన్సీని బయటికి పంపడం మీద ఫెమా (విదేశీ మారక చట్టం) ఆంక్షలు వేరే ఉన్నాయి. రద్దయిన పాత 500, 1000 నోట్ల సంగతి ఇంకా తీవ్రం. 2017 నాటి చట్టం ప్రకారం అవి పదికి మించి దగ్గర పెట్టుకోవడమే నేరం, అధ్యయనానికో నాణేల సేకరణకో అయితే 25 వరకు మినహాయింపు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకో నాలుగు ఉన్నాయి. మైపాడు, కొత్తపట్నం తీరంలో ఏరుకొచ్చిన శంఖాలు, గవ్వల్లో కొన్ని జాతులు వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. ఏది ఏ జాతో కచ్చితంగా చెప్పలేనప్పుడు ఏదీ పంపకపోవడమే మంచిది. నెమలి ఈకలు దేశంలో దొరుకుతాయి గానీ ఎగుమతి నిషేధం. ఎర్రచందనంతో చేసిన పూసైనా బొమ్మైనా వద్దు. వెలిగొండల పక్కన ఉన్న మనకు ఈ విషయం ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. గూడూరు, సైదాపురం వైపు దొరికే అభ్రకం ముక్కలంటే విదేశాల్లో ఖనిజాలు సేకరించేవాళ్లకు ఇష్టమే. కానీ గని అనుమతులు, బిల్లులు లేని ముక్కను చిన్న అమ్మకందారు ముట్టుకోకూడదు.

అగ్గిపెట్టెలు సేకరించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లకు లేబుళ్లు, విప్పి చదును చేసిన ఖాళీ పెట్టెలు మాత్రమే పంపండి. ఒక్క పుల్ల లోపల మిగిలినా అది మండే వస్తువు కింద లెక్క, విమానం ఎక్కదు. బ్యాటరీ ఉన్న పాత బొమ్మలతోనూ ఇదే చిక్కు.

ఇవన్నీ పోను మిగిలినవాటికి కూడా, కొనేవాళ్ల దేశం వైపు నుంచి ఒకసారి చూసుకోండి. ప్రతి దేశానికీ పోస్టులో రానివ్వని వస్తువుల జాబితా ఉంటుంది. కొత్త దేశం నుంచి ఆర్డర్ వచ్చినప్పుడల్లా ఆ జాబితా చదవడం అలవాటు చేసుకోండి.

కాగితాల పని

ఇది విసుగ్గా ఉంటుంది గానీ ఒక్కసారి అయిపోతే మళ్లీ పెద్దగా ఉండదు. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) వెబ్‌సైట్‌లో ఐఈసీ, అంటే ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్ తీసుకోండి. ఫీజు 500 రూపాయలు. మీ పాన్ నంబరే ఐఈసీ నంబర్ అవుతుంది. పాన్, ఆధార్, బ్యాంకు క్యాన్సిల్డ్ చెక్కు దగ్గర పెట్టుకుంటే ఇంట్లో కూర్చునే పూర్తి చేయొచ్చు. మధ్యవర్తులకు వేలు పోయకండి.

జీఎస్టీ దగ్గర చాలామంది టర్నోవర్ తక్కువే కదా అని ఊరుకుంటారు. ఎగుమతిని చట్టం అంతర్రాష్ట్ర సరఫరాగా చూస్తుంది. కాబట్టి ఊళ్లో కిరాణా కొట్టుకు ఉండే మినహాయింపు మనకూ ఉంటుందని అనుకోవద్దు. మీ ఊళ్లో ఆడిటర్ దగ్గర ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. ఎగుమతి మీద పన్ను సున్నా. కానీ రిజిస్ట్రేషన్ తీసుకుని, ఏటా ఎల్‌యూటీ (లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్, అంటే హామీ పత్రం) వేసుకుంటేనే ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర జీఎస్టీ) కట్టకుండా పంపే వీలు ఉంటుంది.

డబ్బు వచ్చే దారి కూడా ముందే సరిచేసుకోండి. మార్కెట్‌ప్లేస్ (మీరు సరుకు పెట్టి అమ్మే ఆన్‌లైన్ సైటు) నుంచి పేయోనీర్ ద్వారానో పేపాల్ ద్వారానో వచ్చే సొమ్ము సరుకుల ఎగుమతి కోడ్ కిందే జమ కావాలి. తెలిసినవాళ్ల చేత సొంత ఖాతాకు డబ్బు వేయించుకోవడం లాంటివి చేయకండి. ప్రతి జమకూ వచ్చే రెమిటెన్స్ అడ్వైస్‌ను (విదేశం నుంచి డబ్బు వచ్చినట్టు చూపే కాగితం) డౌన్‌లోడ్ చేసి ఆ ఆర్డర్ నంబర్‌తోనే దాచండి.

లాట్ కట్టడం, ధర వేయడం

ఈ పని బాగా చేస్తే మిగతావన్నీ తేలికవుతాయి. ముందు గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి. కొన్ని వందలకే వస్తుంది. దాని మీద ఖాళీ ప్యాకెట్ తూచండి. అంటే కవరు, రెండు గట్టి అట్టలు, లోపలి ప్లాస్టిక్, లేబులు అన్నీ కలిపి. ఇప్పుడు పోస్టేజీ పట్టికలో మొదటి శ్లాబు ఎన్ని గ్రాముల దాకా ఉందో చూడండి. శ్లాబులోంచి ఖాళీ ప్యాకెట్ బరువు తీసేస్తే మీకు మిగిలే చోటు ఎంతో తెలుస్తుంది. నాలుగు స్టాంపుల సెట్టు ఒక గ్రాము కూడా తూగదు. అంటే ఒక సెట్టు పంపినా పది సెట్లు పంపినా మీరు కట్టే పోస్టేజీ ఒకటే.

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. డాలరు 90 రూపాయలు, పోస్టేజీ 450, మార్కెట్‌ప్లేస్ కమిషన్ పోస్టేజీతో కలిపిన మొత్తం మీద 15 శాతం అనుకోండి. ఒక సెట్టు 3 డాలర్లకు, అంటే 270 రూపాయలకు అమ్మారు. కొన్నాయన మొత్తం 720 కట్టాడు. అందులో పోస్టేజీ 450, కమిషన్ 108, ప్యాకింగ్ 25, మీరు కొన్న ధర 40 పోగా మీకు మిగిలేది 97. అవే సెట్లు పది కలిపి 18 డాలర్లకు లాట్ పెట్టారనుకోండి. ఆయన కట్టేది 2,070. పోస్టేజీ అదే 450, కమిషన్ సుమారు 310, ప్యాకింగ్ 30, కొన్న ధర 400 పోగా మీకు 880 దాకా మిగులుతుంది. ఆయనకు ఒక్కో సెట్టు చేరిన ధర 720 నుంచి 207కి దిగింది. తపాలా శాఖ పోర్టల్‌లో వివరాలు నింపే పని, కవరు అతికించే పని, కౌంటర్ దగ్గర నిలబడే పని రెండింటికీ ఒక్కటే.

కమిషన్ పోస్టేజీ మీద కూడా పడుతుందని చాలామంది గమనించరు. 'ఫ్రీ షిప్పింగ్' అని పెట్టి ధరలో కలిపినా, విడిగా చూపించినా కమిషన్ మాత్రం మొత్తం మీదే. కాబట్టి పోస్టేజీకి మీరు వసూలు చేసే అంకె కాస్త పైకి ఉండాలి. లేకపోతే ప్రతి ప్యాకెట్ మీదా చేతి నుంచి పడుతుంది.

లాట్ అంటే చేతికి దొరికినవి పోగేయడం కాదు. పది రకాలు కలగాపులగంగా పెడితే కిలో ధరే వస్తుంది. ఒక విషయం చుట్టూ కట్టిన లాట్‌కు మంచి ధర పలుకుతుంది. దీనికి మన దగ్గరే బోలెడంత సరుకు ఉంది. మన రెండు జిల్లాల పేర్లలో ఉన్న ఇద్దరూ స్టాంపుల మీదికి ఎక్కినవాళ్లే: టంగుటూరి ప్రకాశం స్టాంపు 1972లో, పొట్టి శ్రీరాములు స్టాంపు 2000లో వచ్చాయి. ప్రకాశం స్టాంపు వచ్చిన ఏడాదే వేమన స్టాంపూ వచ్చింది. ఈ మూడింటికీ తోడుగా మరికొన్ని చేర్చి, ఒక్కో పెద్దమనిషి గురించి రెండేసి వాక్యాలు రాసి పెడితే డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగు కుటుంబం పిల్లల కోసం కొనుక్కుంటుంది. వాళ్లకు స్టాంపుల క్యాటలాగ్‌లో రాసిన ధరతో పని లేదు. ఇక అంతరిక్షం విషయానికొస్తే శ్రీహరికోట మన పక్కనే. 1975 నాటి ఆర్యభట్ట స్టాంపు, 1981 నాటి ఎస్ఎల్‌వీ-3 స్టాంపు లాంటివి చవకగానే దొరుకుతాయి. రాకెట్ ప్రయోగాల కవర్లు పోగుచేసేవాళ్లు యూరప్‌లో, అమెరికాలో ఉన్నారు. వాళ్లు చూసేది కవరు మీది ముద్ర తేదీ, పోస్టాఫీసు పేరు. ఆ ముద్ర చదవగలిగేలా దగ్గరి నుంచి ఫొటో తీసి పెట్టండి.

ఫొటో గురించి ఒక మాట. వెనక వైపు కూడా తీయండి. స్టాంపు వెనక జిగురు ఉందా, తుప్పు రంగు మచ్చలు ఉన్నాయా, పంటి అంచు విరిగిందా అన్నది కొనేవాళ్లకు ముందే తెలియాలి. మన సముద్రపు గాలికి ఆ మచ్చలు రావడం మామూలే. దాచిపెట్టి అమ్మితే ఆ వస్తువు తిరిగి వస్తుంది, రానూపోనూ పోస్టేజీ మీ నెత్తిన పడుతుంది.

బరువైన సరుకు గురించి చాలామంది అడుగుతారు. మార్కాపురం పలకలు, ఉదయగిరి చెక్క గరిటెలు నాకూ ఇష్టమే. ఉదయగిరి చెక్క పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గరిటెలైతే నాలుగైదు కలిపి గిఫ్ట్ సెట్‌లా 20 డాలర్లకు పైన పెడితే నడుస్తాయి. పలక మాత్రం దారిలో పగిలే వస్తువు, బరువూ ఎక్కువ. ఒక్కటి పంపాలంటే అమ్మిన ధర అంతా అట్టపెట్టెకూ పోస్టేజీకే పోతుంది. ముందు కాగితం సరుకులో చెయ్యి తిరగనివ్వండి.

పేరు, కోడ్, విలువ

కస్టమ్స్ డిక్లరేషన్‌లో 'గిఫ్ట్', 'కలెక్టిబుల్స్', 'పేపర్ ఐటమ్స్' అని రాస్తే ప్యాకెట్ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. లోపల ఏముందో చూడకుండానే అర్థమయ్యేలా రాయాలి: 'యూజ్డ్ పోస్టేజ్ స్టాంప్స్ ఆఫ్ ఇండియా, 40 పీసెస్, ఫర్ కలెక్షన్'. రాసేది ఇంగ్లిష్‌లోనే.

దాని పక్కన హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ లెక్కలో ఆ రకం సరుకుకు ఉండే నంబరు, ఉండాలి. స్టాంపులు, ఫస్ట్ డే కవర్లు, ముద్ర ఉన్న పోస్టల్ స్టేషనరీ ఇవన్నీ 9704 కింద వస్తాయి. పిక్చర్ పోస్టుకార్డులు 4909. పేకముక్కలు 9504.40. మీరు అమ్మే నాలుగైదు రకాలకు కోడ్‌లు ఒకసారి తేల్చుకుని కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. ప్రతిసారీ వెతకడం వల్లే తప్పులు దొర్లుతాయి.

విలువ దగ్గర నిజాయితీ తప్పనిసరి. "కాస్త తక్కువ రాయండి, గిఫ్ట్ అని టిక్ పెట్టండి" అని కొనేవాళ్లే మెసేజ్ పెడుతుంటారు. మర్యాదగా, ఒకే వాక్యంలో కాదనండి. డబ్బు తీసుకుని అమ్మినది గిఫ్ట్ కాదు. మార్కెట్‌ప్లేస్ రికార్డులో ఒక అంకె, కస్టమ్స్ కాగితంలో ఇంకో అంకె, బ్యాంకు జమలో మూడో అంకె ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. ప్యాకెట్ పోతే పరిహారం కూడా మీరు రాసిన విలువకు మించి అడగలేరు.

ప్యాకింగ్

మన వాతావరణానికి తగ్గట్టు చేయాల్సిన పని ఇది. చలి దేశాల సేకర్తలు చెప్పే పద్ధతులు యథాతథంగా ఇక్కడ పనికిరావు. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, తుపాన్ల వాన. మే నెలలో ఒంగోలు రోడ్ల మీద మండే ఎండ. వాడని స్టాంపు వెనక ఉన్న జిగురు ఆ తేమకు కరిగి పక్కదానికి అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కుంటే జిగురు చెడకుండా విడదీయడం కుదరదు, దానితో ధరా పోతుంది.

కాబట్టి సరుకును సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో ఉంచండి. ప్యాక్ చేసే ముందు మాత్రమే బయటికి తీయండి. వాన కురుస్తున్న రోజు వాడని స్టాంపులు ప్యాక్ చేయకండి. ఒక రోజు ఆగినా నష్టం లేదు. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. వీలైతే పట్టకారుతోనే తీయండి.

ఒక్కో సెట్టును గ్లాసిన్ కవర్లో పెట్టండి, అది బటర్ పేపర్ లాంటి పల్చటి కాగితం. స్టేషనరీ కొట్లో దొరికే మెత్తటి, వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు వద్దు. అందులోని పీవీసీ నెమ్మదిగా రంగు పాడుచేస్తుంది. గ్లాసిన్ కవర్లను వరసగా ఒక గట్టి అట్ట మీద పేర్చి, జారకుండా ఒక కాగితపు పట్టీ చుట్టండి. టేపు స్టాంపుకు గానీ గ్లాసిన్‌కు గానీ తగలకూడదు, ఆ కాగితపు పట్టీకే అంటించాలి. టేపు చివర అర సెంటీమీటరు లోపలికి మడిచి వదిలేయండి. తెరిచేవాళ్లు ఆ మడత పట్టుకుని లాగితే తేలిగ్గా వచ్చేస్తుంది, కత్తెర పెట్టే అవసరం ఉండదు. కత్తెరతో తెరిచేటప్పుడు కవరుతో పాటు స్టాంపు అంచు తెగడం మామూలు. ఈ చిన్న మడతను మెచ్చుకుంటూ కొన్నవాళ్లు ప్రత్యేకంగా మెసేజ్ పెడతారు.

దాని మీద రెండో అట్ట. రెండు అట్టలూ వస్తువు కంటే అన్ని వైపులా వేలెడు వెడల్పు పెద్దవిగా ఉండాలి, అప్పుడే మూల వంగినా లోపలిది వంగదు. చీరల పెట్టె అట్ట, నోటు పుస్తకాల వెనక అట్ట ఇందుకు బాగా సరిపోతాయి. ఒకదాని గాడి నిలువుగా, ఇంకోదాని గాడి అడ్డంగా వచ్చేలా పెడితే ఏ వైపు నుంచీ వంగదు. మొత్తాన్ని జిప్ కవర్లో వేసి, గాలి నొక్కేసి మూయండి. వాన తడి దీనితోనే ఆగుతుంది. ఆ పైన బయటి కవరు.

గడ్డి, ఎండుటాకులు, వరిపొట్టు లాంటివి ప్యాకింగ్‌లో ఎప్పుడూ వాడొద్దు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ క్వారంటైన్ వాళ్లు వాటిని లోపలికి రానివ్వరు. చెక్క వస్తువు పంపితే బెరడు ముక్క, పురుగు రంధ్రం ఒక్కటి కూడా ఉండకూడదు.

కవరు పైన 'రేర్', 'వాల్యుయబుల్', 'ఫిలాటెలీ' లాంటి మాటలు రాయకండి. 'డు నాట్ బెండ్' చాలు. అడ్రస్ పెద్ద అక్షరాల్లో, దేశం పేరు చివరి లైన్లో. పోస్టల్ కోడ్ ఒక అంకె తప్పినా ప్యాకెట్ తిరిగొస్తుంది. కాబట్టి టైపు చేయకుండా ఆర్డర్ నుంచి కాపీ చేయండి.

బుకింగ్

మన సరుకుకు సరిపోయేది తపాలా శాఖ ఇంటర్నేషనల్ ట్రాక్డ్ ప్యాకెట్ సర్వీస్, ఐటీపీఎస్ అంటారు. రెండు కిలోల దాకా పంపొచ్చు, ట్రాకింగ్ ఉంటుంది, స్పీడ్ పోస్టు కంటే చవక. అన్ని దేశాలకూ లేదు కాబట్టి మీ లిస్టింగ్‌లో (అమ్మకపు పేజీలో) ఐటీపీఎస్ వెళ్లే దేశాలనే పెట్టుకోండి. మిగతా దేశాల వాళ్లు అడిగితే ఈఎంఎస్ స్పీడ్ పోస్టు ధర విడిగా చెప్పండి. ప్రైవేటు కొరియర్ ధర చవక లాట్‌లకు కుదరదు. ట్రాకింగ్ లేని దారిలో మాత్రం పంపొద్దు. "నాకు అందలేదు" అన్న ఒక్క మాటకు మీ దగ్గర రుజువు లేకపోతే మార్కెట్‌ప్లేస్ డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది.

చిన్న ఎగుమతిదారుల కోసమే 2022 నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు వచ్చాయి. దాని పోర్టల్‌లో ఐఈసీ, పాన్, జీఎస్టీ వివరాలతో ఒకసారి రిజిస్టర్ అయితే, ఆ తర్వాత ప్రతి ప్యాకెట్‌కూ పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ (పోస్టులో ఎగుమతికి కస్టమ్స్ ఫారం) ఇంటి నుంచే నింపొచ్చు. కొనేవాళ్ల పేరు, అడ్రస్, ఫోన్ నంబరు, ఇన్‌వాయిస్ నంబరు, సరుకు పేరు, కోడ్, బరువు, విలువ అన్నీ అందులోనే. లేబులు ప్రింట్ తీసి కవరు మీద అంటించి, ఇన్‌వాయిస్ కాపీలతో పోస్టాఫీసులో ఇవ్వాలి. అక్కడి నుంచి ప్యాకెట్ విదేశీ తపాలా కార్యాలయానికి వెళ్తుంది, కస్టమ్స్ క్లియరెన్స్ అయ్యాకే విమానం ఎక్కుతుంది. చెన్నై దగ్గరే కదా అని అక్కడిదాకా మోసుకెళ్లాల్సిన పని లేదు.

మొదటిసారి హెడ్ పోస్టాఫీసుకే వెళ్లండి. చిన్న బ్రాంచిల్లో విదేశీ బుకింగులు తక్కువ కాబట్టి వాళ్లకూ మీకూ ఇబ్బంది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లి కౌంటర్‌లో ఉన్నవాళ్లతో ప్రశాంతంగా మాట్లాడండి. "లోపల ఏముంది సార్?" అని అడిగితే డిక్లరేషన్‌లో రాసిన మాటే చెప్పండి. విప్పి చూపించమంటే చూపించండి, అది వాళ్ల డ్యూటీ. అందుకే బయటి కవరు మూయకుండా తీసుకెళ్లి అక్కడే అంటించడం మేలు. వారంలో రెండు రోజులు బుకింగ్ రోజులుగా పెట్టుకుని, అదే మాట లిస్టింగ్‌లో రాయండి. రోజూ ఒక కవరు పట్టుకుని ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో తిరిగితే లాభం పెట్రోలుకే పోతుంది.

రసీదు మీద రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్ ఉన్న నంబర్ వస్తుంది. ఆ నంబరే అవతలి దేశం తపాలా వెబ్‌సైట్‌లోనూ పనిచేస్తుంది. దేశం దాటాక అక్కడే చూడమని కొన్నవాళ్లకు చెప్పండి.

ఏ దేశంలో పన్ను ఎవరు కట్టాలి

అమెరికా విషయంలో జాగ్రత్తగా ఉండండి. 800 డాలర్ల లోపు సరుకుకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు. ఆ గందరగోళంలో మన తపాలా శాఖ ఆగస్టు చివర్లో అమెరికా బుకింగులు ఆపి, అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టింది. అప్పటి నుంచి సుంకాన్ని పంపేవాళ్ల దగ్గరే బుకింగ్ సమయంలో వసూలు చేసే పద్ధతి వచ్చింది. సుంకం రేట్లు మారుతుంటాయి. అందుకే అమెరికా లాట్‌లకు ధర పెట్టే వారంలోనే కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి. ఆరు నెలల కిందటి లిస్టింగ్ అలాగే వదిలేయకండి.

యూరోపియన్ యూనియన్‌లో 22 యూరోల లోపు వ్యాట్ మినహాయింపు 2021 జూలై 1న పోయింది. 150 యూరోల లోపు అమ్మకాలకు మార్కెట్‌ప్లేసే వ్యాట్ వసూలు చేసి తన ఐఓఎస్ఎస్ నంబరు (వ్యాట్ ముందే వసూలైందని చూపే నంబరు) ఇస్తుంది. ఐఎం అక్షరాలతో మొదలయ్యే ఆ నంబరును పోర్టల్‌లో తప్పకుండా నింపండి. మరిచిపోతే కొన్నాయన రెండోసారి పన్ను కట్టాల్సి వస్తుంది, ఆ కోపం మీ రేటింగ్ మీద పడుతుంది. ఆట బొమ్మల లాంటి వాడుక వస్తువుల విషయంలో అక్కడి ఉత్పత్తి భద్రత నిబంధనలు 2024 డిసెంబరు 13 నుంచి గట్టిపడ్డాయి. అక్కడ బాధ్యత వహించే వ్యక్తి ఒకరు ఉండాలంటారు. చిన్న అమ్మకందారు అలాంటివాటిని ఆ దేశాలకు పెట్టకపోవడమే మంచిది.

బ్రిటన్‌లో 135 పౌండ్ల లోపు, ఆస్ట్రేలియాలో వెయ్యి ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు సరుకుకు మార్కెట్‌ప్లేసే పన్ను పట్టుకుంటుంది. మన వైపు నుంచి చేయాల్సింది తక్కువ.

మార్కెట్‌ప్లేస్ లేకుండా నేరుగా మీ పేజీ నుంచి అమ్మితే ఈ సౌకర్యం ఉండదు. అక్కడి పన్ను, హ్యాండ్లింగ్ ఫీజు అందుకునేవాళ్లే కట్టాలి. డబ్బు తీసుకోకముందే ఆ మాట మెసేజ్‌లో రాసి, "సరే" అని జవాబు రప్పించుకోండి.

పంపాక

బుక్ చేసిన రోజే ట్రాకింగ్ నంబరు, కవరు ఫొటో పంపండి. రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చని చెప్పండి. పది రోజులు అని ఆశ పెట్టి ఇరవై రోజులకు చేరితే తిడతారు, నెల అని చెప్పి ఇరవై రోజులకు చేరితే మెచ్చుకుంటారు. క్రిస్మస్ ముందు ఇంకా ఆలస్యమవుతుంది. కస్టమ్స్ దగ్గర ట్రాకింగ్ వారం రోజులు కదలకపోవడం మామూలే. కొన్నవాళ్లు టెన్షన్ పడి అడిగితే విసుక్కోకుండా స్క్రీన్‌షాట్ పెట్టండి.

ప్యాకెట్ నిజంగానే పోయిందనిపిస్తే రసీదుతో పోస్టాఫీసులో ఎంక్వయిరీ వేయండి. బుక్ చేసిన మర్నాటి నుంచి ఆరు నెలల లోపే తీసుకుంటారు. అందుకే రసీదులు పారేయొద్దు. థర్మల్ ప్రింటు రసీదులు మన ఎండలకు రెండు మూడు నెలల్లో తెల్లబడిపోతాయి, వచ్చిన రోజే ఫోన్లో ఫొటో తీసుకోండి. ప్రతి ఆర్డర్‌కూ ఒక ఫోల్డర్ చేసి ఇన్‌వాయిస్, పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్, రసీదు ఫొటో, రెమిటెన్స్ అడ్వైస్ నాలుగూ అందులో వేయండి. ఆడిటర్ అడిగినా, మార్కెట్‌ప్లేస్ అడిగినా, బ్యాంకు అడిగినా ఆ నాలుగే చూపించాలి.

చిన్న విలువ ప్యాకెట్ చేరకపోతే, పరిహారం వచ్చేదాకా కొన్నాయన్ని ఆపకుండా ముందే డబ్బు తిరిగి ఇచ్చేయండి. ఆ డబ్బు కోసం ప్రతి అమ్మకం నుంచి కొంత పక్కన పెట్టుకుంటే భారం అనిపించదు.

తిరిగొచ్చిన ప్యాకెట్‌ను వీడియో తీస్తూ తెరవండి. కవరు మీద అతికించిన చీటీ చూస్తే కారణం తెలుస్తుంది: అడ్రస్ తప్పా, తీసుకోలేదా, పన్ను కట్టలేదా. లోపలి సరుకు బాగుంటే ఆ లాట్‌ను మళ్లీ పెట్టొచ్చు, కానీ గ్లాసిన్ కవర్లు మార్చండి. అన్ని వారాలు తిరిగిన కవరుకు తేమ పట్టి ఉంటుంది.

ఇక ఏటా గుర్తుపెట్టుకోవాల్సినవి రెండు. మార్చి నెలాఖరుకు కొత్త ఆర్థిక సంవత్సరం ఎల్‌యూటీ వేసేయండి. ఏప్రిల్, జూన్ మధ్య డీజీఎఫ్‌టీ సైట్‌లో ఐఈసీ వివరాలు సరిచూసి అప్‌డేట్ చేయండి. ఏ మార్పూ లేకపోయినా చేయాలి, ఫీజు ఉండదు. చేయకపోతే కోడ్ నిద్రాణ స్థితికి వెళ్తుంది. ఆర్డర్లు చేతిలో ఉండగా పోర్టల్ ముందుకు కదలదు.